మూడు కిరీటాల ముద్ర: స్వీడన్ యుద్ధవిమానాల జాతీయ చిహ్నాల చరిత్ర

పాత దస్తావేజులు చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. చదువురాని రైతు సంతకం చేయవలసిన చోట ఒక అడ్డగీత గాని, వేలిముద్ర గాని ఉంటుంది. దాని పక్కన పత్రం రాసిన లేఖకుడు ‘ఫలానావాని నిశాని’ అని రాస్తాడు. ‘నిశాని’ పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చి, రిజిస్ట్రారు కచేరీలలో స్థిరపడిన మాట. ఆ గీతలో అందమూ లేదు, అక్షరమూ లేదు. అయినా దాని విలువ గొప్పది. ఈ పత్రంలోని మాటకు నేను జవాబుదారీనని ఒక మనిషి పదిమంది ఎదుట ఒప్పుకొన్నాడని దాని అర్థం.

వ్యక్తులకు నిశాని ఉన్నట్టే రాజ్యాలకూ ఉన్నది. సైనిక విమానం రెక్కలపైన, దేహంపైన, తోకపైన చిత్రించే జాతీయ చిహ్నం అటువంటిదే. అది అలంకారం కాదు. ఈ విమానం చేసే పనికి ఫలానా రాజ్యం బాధ్యత వహిస్తుందని ఆకాశంలో చేసే ప్రకటన. ఈ సత్యాన్ని గ్రహించడానికి స్వీడన్ దేశపు విమాన చిహ్నాల చరిత్రను మించిన పాఠం అరుదు. 1814 తరువాత ఆ దేశం ఏ యుద్ధంలోనూ పక్షం వహించి పోరాడలేదు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ తటస్థంగా నిలిచింది. ఆయుధబలంతో పాటు మాటబలం మీద కూడా ఆధారపడవలసిన తటస్థ దేశానికి, విమానంపై వేసిన ముద్ర ఎంత పని చేసింది, ఎక్కడ పని చేయలేకపోయింది అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

చిహ్నం ఎందుకు అవసరమైంది?

యోధుని చిహ్నాన్ని బట్టి గుర్తించడం మన సాహిత్యానికి కొత్త కాదు. తిక్కన విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణ ఘట్టాన్ని మీరు పాఠంగా చదివే ఉంటారు. అర్జునుడు ఉత్తరునికి కౌరవ వీరులను దూరం నుంచి చూపి, వారి ధ్వజాలను బట్టి ఎవరు ఎవరో చెబుతాడు. బంగారు వేదిక గుర్తు ద్రోణునిది, తాటిచెట్టు గుర్తు భీష్మునిది. ముఖం కనిపించని దూరంలో చిహ్నమే మనిషికి పేరు. విమానం విషయంలో ఈ అవసరం ఇంకా తీవ్రమైనది. నేలమీది సైనికునికి ఆకాశంలో కనిపించేది ఒక నీడ మాత్రమే. అది మిత్రునిదో శత్రువుదో కొన్ని క్షణాలలో తేల్చుకోవాలి.

జాతీయ చిహ్నాన్ని వలయాకారంలో విమానాలపై చిత్రించే పద్ధతిని 1912లో ఫ్రాన్స్ ప్రవేశపెట్టింది. విప్లవకాలంలో ప్రజలు టోపీలకు ధరించిన మూడు రంగుల గుండ్రని పట్టీయే దానికి మూలం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు బ్రిటిష్ వారు తమ జాతీయ పతాకాన్నే రెక్కల కింద చిత్రించారు. దూరం నుంచి ఆ పతాకంలోని శిలువ గీతలు మాత్రమే కనిపించేవి. జర్మన్ విమానాలపై ఉన్నదీ శిలువే కావడం వల్ల సొంత సైనికులే సొంత విమానాలపై తుపాకులు కాల్చారు. దానితో వారు ఫ్రెంచివారి వలయాన్నే స్వీకరించి, ఎరుపు మధ్యకు, నీలం అంచుకు వచ్చేటట్లు రంగుల వరుసను తారుమారు చేసుకొన్నారు.

ఇటువంటి ఉదాహరణ మన దేశ చరిత్రలోనూ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బర్మా రంగంలో పోరాడిన భారత వైమానిక దళపు విమానాలపై బ్రిటిష్ వలయంలోని ఎర్రని మధ్యభాగాన్ని తొలగించారు. జపాను విమానాలపై ఎర్రని సూర్యబింబం ఉండటమే అందుకు కారణం. ఒక రంగుచుక్క ప్రాణాలు తీయగలదని అనుభవం నేర్పింది.

యుద్ధానంతరం న్యాయశాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పట్టించుకొన్నారు. 1922 డిసెంబరు నుంచి 1923 ఫిబ్రవరి వరకు హేగ్ నగరంలో సమావేశమైన న్యాయనిపుణుల సంఘం వైమానిక యుద్ధ నియమాల ముసాయిదాను రూపొందించింది. సైనిక విమానం తన జాతీయతను, సైనిక స్వభావాన్ని తెలిపే బాహ్య చిహ్నాన్ని ధరించాలనీ, ఎగురుతుండగా దానిని మార్చడానికి వీలుండకూడదనీ, పైనుంచి, కిందినుంచి, ఇరుపక్కల నుంచి అది కనిపించాలనీ, అబద్ధపు చిహ్నాలు నిషిద్ధమనీ అందులో ఉన్నది. ఆ ముసాయిదా ఒడంబడికగా ఎన్నడూ అమలులోకి రాలేదు. అయినా అందులోని భావం దేశాల ఆచారంలో నిలిచింది. తప్పుడు చిహ్నం ధరించడం ఎదుటివాని విశ్వాసాన్ని ఆయుధంగా వాడుకోవడమేనన్నది ఆ భావం.

మూడు కిరీటాల పూర్వోత్తరాలు

స్వీడన్ తన విమానాలకు ఎన్నుకొన్న గుర్తు మూడు కిరీటాలు. పైన రెండు, కింద ఒకటి. ఇది ఆ దేశపు చిన్న రాజలాంఛనం. పద్నాలుగవ శతాబ్దం నుంచీ స్వీడన్ రాజులు దీనిని వాడుతూ వచ్చారు. స్టాక్‌హోంలోని పాత రాజప్రాసాదానికి ‘మూడు కిరీటాలు’ అనే పేరే ఉండేది. 1697లో అది అగ్నికి ఆహుతి అయింది. 1923లో ప్రారంభమైన స్టాక్‌హోం నగరసభా భవనపు గోపుర శిఖరంపై నేటికీ మూడు బంగారు కిరీటాలు మెరుస్తుంటాయి.

ఈ చిహ్నం కోసం రక్తం చిందిన చరిత్ర కూడా ఉన్నది. 1397లో డెన్మార్క్, నార్వే, స్వీడన్ రాజ్యాలు కాల్మార్ సమాఖ్యగా ఒకే కిరీటం కిందికి వచ్చాయి. 1523లో గుస్తావ్ వాసా నాయకత్వంలో స్వీడన్ దానినుంచి విడిపోయింది. అటుతరువాత డెన్మార్క్ రాజు తన లాంఛనంలో మూడు కిరీటాలను చేర్చుకొన్నాడు. మూడు రాజ్యాల సమాఖ్యకు అది జ్ఞాపకమని ఆయన వాదం. స్వీడన్ సింహాసనం తనదేనని చెప్పుకోవడానికే ఆ గుర్తు అని స్వీడన్ వారి అనుమానం. 1563 నుంచి 1570 వరకు ఏడేళ్లపాటు జరిగిన యుద్ధానికి ఈ వివాదం ఒక కారణమయింది. చివరకు 1613 నాటి సంధిలో రెండు రాజ్యాలూ ఆ గుర్తును వాడుకోవచ్చునని అంగీకారం కుదిరింది. 2025 ఆరంభంలో వెల్లడించిన డెన్మార్క్ కొత్త రాజలాంఛనంలో ఆ మూడు కిరీటాలు లేవు. గ్రీన్‌లాండ్, ఫారో దీవుల గుర్తులకు అందులో ఎక్కువ స్థానమిచ్చారు. నాలుగు శతాబ్దాలకు పైగా ఇద్దరు పంచుకొన్న ముద్ర ఇలా ఒకరిదయింది.

నలుపు తెలుపుల నుంచి నీలం పసుపులకు

స్వీడన్ సైన్యానికి, నౌకాదళానికి తొలి విమానాలు 1911–12 సంవత్సరాలలో లభించాయి. అవి ప్రభుత్వ ధనంతో కొన్నవి కావు, దేశాభిమానులు దానమిచ్చినవి. ఆ తొలిదినాలలో సైన్యం విమానాలు వేరు, నౌకాదళం విమానాలు వేరు. 1926 జులై 1న ఈ రెండు శాఖలను కలిపి స్వతంత్ర వైమానిక దళాన్ని ఏర్పరిచారు. ఆ కాలపు విమానాలపై కనిపించే గుర్తు తెల్లని నేలపై మూడు నల్లని కిరీటాలు. ఇందులో జాతీయ వర్ణాలు లేవు. నలుపు తెలుపుల తేడా మాత్రం స్పష్టంగా కనిపించేది.

1937లో ఈ గుర్తు రంగు మారింది. నీలి వృత్తంలో మూడు పసుపు కిరీటాలు వచ్చాయి. నీలం, పసుపు స్వీడన్ జాతీయ పతాకపు వర్ణాలు. ఇప్పుడు విమానం రాజలాంఛనాన్ని, జాతీయ పతాకాన్ని ఒకే వృత్తంలో ధరించినట్టయింది. అయితే ఇందులో ఒక లోపం ఉన్నది. యుద్ధకాలంలో విమానాల పైభాగానికి అడవి రంగులో కలిసిపోయే ముదురు ఆకుపచ్చ పూత వేసేవారు. ఆ పచ్చదనంపై ముదురు నీలి వృత్తపు అంచు దూరం నుంచి పోల్చుకోవడం కష్టం. 1940లో ఆ వృత్తం చుట్టూ ఒక పసుపు వలయాన్ని చేర్చారు. నేటికీ స్వీడన్ విమాన చిహ్నపు ప్రామాణిక రూపం ఇదే.

ఆ పసుపు వలయం వచ్చిన సంవత్సరాన్ని విద్యార్థులు గమనించాలి. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్, నార్వేలను ఆక్రమించింది. స్వీడన్ చుట్టూ యుద్ధం ముసురుకొన్నది. ఒకే విమానాన్ని ఆకుపచ్చ పూతతో దాచడం, పసుపు వలయంతో చూపడం పైకి పరస్పర విరుద్ధంగా తోస్తాయి. తటస్థ దేశపు సంకటం సరిగ్గా అదే. దాడి చేయదలచినవాని కంటికి విమానం కనిపించకూడదు. కనిపిస్తే మాత్రం అది ఎవరిదో పొరపాటు లేకుండా తెలియాలి.

ఆ యుద్ధకాలంలో దెబ్బతిన్న పరదేశ విమానాలు వందల సంఖ్యలో స్వీడన్ భూమిపై దిగాయి. తటస్థ ధర్మాన్ని అనుసరించి వాటి సిబ్బందిని ఆ దేశం నిర్బంధంలో ఉంచుకొన్నది. అలా దిగిన అమెరికన్ ‘బి-17’ బాంబరు విమానాలలో ఏడింటిని, అమెరికాతో ఒప్పందం చేసుకొని, సాబ్ కర్మాగారం ప్రయాణికుల విమానాలుగా మార్చింది. నగరాలపై బాంబులు కురిపించడానికి పుట్టిన యంత్రాలు, ముద్ర మారి పని మారి, మనుషులను ఊళ్లు చేర్చాయి.

పొరుగువారి ముద్ర ధరించిన విమానాలు

స్వీడన్ విమానాలు సొంత ముద్రను విడిచిన సందర్భం కూడా ఒకటి ఉన్నది. దానిని తెలుసుకోవాలంటే 1918కి వెళ్లాలి. ఫిన్‌లాండ్ అప్పుడే రష్యా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకొని అంతర్యుద్ధంలో చిక్కుకొన్నది. ఆ సంవత్సరం మార్చి 6న స్వీడన్‌కు చెందిన కౌంట్ ఎరిక్ వాన్ రోసెన్ అనే ప్రభువు ఒక విమానాన్ని ఫిన్‌లాండ్ సేనకు కానుకగా తీసుకువెళ్లాడు. దాని రెక్కలపై తనకు అదృష్టచిహ్నమైన నీలి స్వస్తికను చిత్రింపజేశాడు. ఫిన్‌లాండ్ ఆ గుర్తునే తన విమానాల జాతీయ చిహ్నంగా స్వీకరించింది.

స్వస్తిక మన దేశంలో ఇళ్ల గుమ్మాలపైన, వ్యాపారుల లెక్కల పుస్తకాలపైన శుభసూచకంగా చిరకాలం నుంచి కనిపించే గుర్తు. జర్మనీలోని నాజీ పార్టీ దానిని తన జెండాపైకి ఎక్కించుకొన్నది 1920లో. ఫిన్‌లాండ్ గుర్తు అంతకు రెండేళ్లు ముందటిది. దానితో సంబంధం లేనిది. అయినా ప్రపంచం ఒక గుర్తును ఏ అర్థంతో చదువుతుందో నిర్ణయించే శక్తి దానిని మొదట వేసినవాని చేతిలో మిగలదు. యుద్ధం ముగిసే సమయంలో, 1945లో, ఫిన్‌లాండ్ ఆ గుర్తును తన విమానాలపై నుంచి తీసివేసి నీలం, తెలుపు రంగుల వలయాన్ని స్వీకరించింది.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్‌లాండ్‌పై దాడి చేశాయి. స్వీడన్ ప్రజల సానుభూతి పొరుగువారి పక్షాన ఉన్నది. స్వీడన్ ప్రభుత్వానికి మాత్రం యుద్ధంలో దిగే ఉద్దేశం లేదు. ఈ రెంటికీ మధ్య దొరికిన మార్గం స్వచ్ఛంద దళం. స్వీడన్ వైమానికులు స్వచ్ఛందంగా చేరిన ‘ఎఫ్ 19’ అనే దళం 1940 జనవరిలో ఉత్తర ఫిన్‌లాండ్‌లోని కెమి పట్టణ సమీపం నుంచి పని ప్రారంభించింది. అందులో 12 గ్లాడియేటర్ యుద్ధవిమానాలు, కొన్ని హార్ట్ బాంబరు విమానాలు ఉన్నాయి. విమానాలు స్వీడన్ దళానివి. నడిపినవారు స్వీడన్ పౌరులు. రెక్కలపై ఉన్నది మాత్రం ఫిన్‌లాండ్ ముద్ర. మూడు కిరీటాలతో ఆ విమానాలు ఒక్క గుండు పేల్చినా స్వీడన్ రాజ్యమే యుద్ధంలో దిగినట్టయ్యేది. 1940 మార్చి 13న యుద్ధం ముగిసేవరకు ఆ దళం పనిచేసింది.

ఈ ఏర్పాటు అబద్ధమా? నిజమా? విద్యార్థులు దీనిపై తర్కించవలసి ఉన్నది. అబద్ధం కాదని చెప్పడానికి ఒక ఆధారం ఉన్నది. ఆ విమానాలు ఫిన్‌లాండ్ సేనాధికారానికి లోబడి, ఫిన్‌లాండ్ చేస్తున్న యుద్ధంలో, ఫిన్‌లాండ్ గుర్తుతో పోరాడాయి. జవాబుదారీ ఎవరో ఆ గుర్తు సరిగ్గానే చెప్పింది. అయితే విమానాలు ఎక్కడివో సోవియట్ ప్రభుత్వానికి తెలియనిది కాదు. తెలిసినా స్వీడన్‌పై యుద్ధం ప్రకటించలేదు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ పైకి అనకుండా ఉండడానికి ఒక పూత రంగు ఇరుపక్షాలకూ ఉపకరించింది.

1952: ముద్ర కాపాడలేని నాడు

ఇక ఈ చరిత్రలో అత్యంత విషాదకరమైన ఘట్టం. 1952 జూన్ 13న స్వీడన్ వైమానిక దళానికి చెందిన ‘డీసీ-3’ విమానం ఒకటి ఎనిమిది మందితో బాల్టిక్ సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. దానిపై మూడు కిరీటాల ముద్ర ఉన్నది. మూడు రోజుల తరువాత, జూన్ 16న, దానిని వెదకబోయిన ‘కాటలీనా’ అనే సముద్ర విమానాన్ని సోవియట్ యుద్ధవిమానాలు కాల్చి కూల్చాయి. దానిపైనా అదే ముద్ర. అందులోని అయిదుగురినీ దగ్గరలో ఉన్న ఒక పశ్చిమ జర్మనీ సరకు ఓడ రక్షించింది.

డీసీ-3 సంగతి తమకు తెలియదని సోవియట్ ప్రభుత్వం చెప్పింది. అది వైమానిక శిక్షణ కోసం వెళ్లిన విమానమని స్వీడన్ ప్రభుత్వం చెప్పింది. రెండూ సత్యం కావు. సోవియట్ తీరంలోని రాడార్ల, రేడియోల సంకేతాలను ఆలకించి నమోదు చేయడమే ఆ విమానం పని. దానిని కూల్చినది సోవియట్ యుద్ధవిమానమేనని మాస్కో ఒప్పుకొన్నది 1991లో. అంటే ముప్పైతొమ్మిది సంవత్సరాల తరువాత.

2003లో గోట్స్‌కా సాండన్ దీవికి తూర్పున సముద్రగర్భంలో ఆ విమానపు శిథిలాలు దొరికాయి. 2004లో దానిని పైకి తీశారు. సోవియట్ జెట్ విమానపు ఫిరంగి గుండ్లు చేసిన గాయాలు దాని దేహంపై కనిపించాయి. ఎనిమిది మందిలో నలుగురి అవశేషాలు మాత్రమే గుర్తించగలిగారు. ఆ విమానం నేడు లింకొపింగ్ నగరం వద్దనున్న స్వీడన్ వైమానిక దళ మ్యూజియంలో ప్రదర్శనకు ఉన్నది.

ఈ ఘట్టంలో ముద్ర ఏం చేసింది? విమానం ఏ దేశానిదో అది సత్యమే చెప్పింది. ఆ విమానం ఏ పని మీద వెళ్లిందో చెప్పడం ముద్రకు సాధ్యం కాదు, చెప్పవలసినది ప్రభుత్వం. ప్రభుత్వం చెప్పలేదు. ఆ ఎనిమిది మంది కుటుంబాలు తమవారు చనిపోయారో, చెరలో బ్రతికి ఉన్నారో తెలియక దశాబ్దాలు గడిపాయి. వ్యాసం ఆరంభంలో చెప్పిన నిశానిని ఇక్కడ మరొకసారి గుర్తుచేసుకోవాలి. పత్రంపై గుర్తు వేసినవాడు, తీరా ప్రశ్న వచ్చిననాడు, నాకేమీ తెలియదంటే ఆ గుర్తుకు విలువ ఏమున్నది? కాల్చినవాడు ముద్రను గౌరవించలేదు, నిజమే. ముద్ర వేసినవాడు కూడా దాని వెనుక పూర్తిగా నిలువలేదు. రెండవ లోపాన్ని చెప్పకుండా మొదటిదాన్ని మాత్రమే చెబితే అది చరిత్ర అనిపించుకోదు.

కాంగో ఆకాశంలో

స్వీడన్ విమానాలు మరొకసారి మూడు కిరీటాలను విడిచాయి. ఈసారి కారణం వేరు. 1960లో స్వాతంత్ర్యం పొందిన కాంగోలో కటాంగా రాష్ట్రం విడిపోతానని ఆయుధం పట్టింది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన అక్కడికి వెళ్లింది. కటాంగా పక్షాన ఎగిరిన ఒక ఫూగా జెట్ విమానం 1961 సెప్టెంబరులో సమితి దళాలను ముప్పుతిప్పలు పెట్టింది. సమితికి అక్కడ యుద్ధవిమానం ఒక్కటీ లేదు. అదే నెల 18న సమితి ప్రధాన కార్యదర్శి, స్వీడన్ దేశీయుడైన డాగ్ హామర్‌షెల్డ్, కాంగో వ్యవహారంపై చర్చలకు వెళుతూ ఎండోలా సమీపంలో జరిగిన విమాన దుర్ఘటనలో మరణించారు.

ఆ తరువాత సమితి పిలుపునందుకొని మూడు దేశాలు విమానాలను పంపాయి: స్వీడన్, ఇథియోపియా, భారతదేశం. మన వైమానిక దళపు అయిదవ స్క్వాడ్రన్ నుంచి ఆరు కాన్‌బెర్రా విమానాలు వెళ్లాయి. స్వీడన్ నుంచి ‘జె 29’ జెట్ విమానాలు వచ్చాయి. వాటి లావుపాటి ఆకారాన్ని బట్టి స్వీడన్ వారు వాటిని ‘పీపా’ అని ముద్దుపేరుతో పిలిచేవారు. ఈ దళానికి ‘ఎఫ్ 22’ అని పేరు. 1963 వరకు అది కాంగోలో ఉన్నది. దాని విమానాలపై మూడు కిరీటాల స్థానంలో ఐక్యరాజ్యసమితి అక్షరాలను చిత్రించారు.

1940 నాటి మార్పుకూ దీనికీ తేడా ఉన్నది. అప్పుడు ముద్ర మారినది స్వీడన్ యుద్ధంలో లేదని చెప్పడానికి. ఇప్పుడు మారినది ఈ పని ఏ ఒక్క దేశానిదీ కాదని చెప్పడానికి. స్టాక్‌హోంలో కాని, ఢిల్లీలో కాని, అడిస్ అబాబాలో కాని కాదు, ఈ విమానాల చర్యకు జవాబు న్యూయార్కులోని సమితి చెబుతుందని ఆ అక్షరాల భావం. ఒకే ముద్ర కింద భిన్నదేశాలు నిలిచిన ఆ అనుభవంలో మనవారికీ పాలు ఉండటం మనం గుర్తుంచుకోదగిన విషయం.

వెలిసినట్టున్న ముద్ర

నేటి స్వీడన్ యుద్ధవిమానం ‘గ్రిపెన్’. లేత బూడిద వర్ణంలో ఆకాశంలో కలిసిపోయే ఈ విమానాలపై మూడు కిరీటాల ముద్రను కూడా బూడిద ఛాయలలో, చిన్నదిగా చిత్రించడం చూస్తాము. నీలం, పసుపు రంగుల ప్రకాశం అందులో లేదు. వందల కిలోమీటర్ల దూరం నుంచి రాడారు విమానాన్ని కనుగొంటుంది. రేడియో సంకేతం అది మిత్రునిదో కాదో చెబుతుంది. కంటికి ఆనే రంగు అవసరం తగ్గిపోయింది. శత్రువుకు కనిపించకుండా ఉండవలసిన అవసరం పెరిగింది.

అలాగని ముద్రను పూర్తిగా చెరిపివేయలేదు. ఇది గమనార్హం. గుర్తింపు పనిని యంత్రాలు తీసుకొన్నాయి కాని, జవాబుదారీ పనిని తీసుకోలేదు. ఇందుకు చక్కని ఉదాహరణ చెక్ దేశంలో ఉన్నది. 2005లో ఆ దేశం స్వీడన్ నుంచి 14 గ్రిపెన్ విమానాలను అద్దెకు తీసుకొన్నది. యాజమాన్యం స్వీడన్‌ది. అయినా వాటిపై ఉన్నది చెక్ దేశపు ముద్ర. ఇంటి యజమాని ఒకరు, ఇంట్లో ఉండి ఆ ఇంటి మంచిచెడ్డలకు జవాబు చెప్పేవారు మరొకరు అయినట్టు, విమానంపై ముద్ర సొత్తును సూచించదు, బాధ్యతను సూచిస్తుంది.

2011లో లిబియాపై జరిగిన అంతర్జాతీయ చర్యలో స్వీడన్ గ్రిపెన్‌లు పాల్గొన్నాయి. ఇటలీలోని సిసిలీ దీవి నుంచి ఎగిరి, బాంబులు వేయకుండా, ఛాయాచిత్రాల ద్వారా నేలమీది సమాచారాన్ని సేకరించాయి. కాంగో తరువాత స్వీడన్ యుద్ధవిమానాలు ఇటువంటి కార్యానికి విదేశం వెళ్లడం అదే మొదటిసారి. ఈసారి వాటిపై ఉన్నది ఫిన్‌లాండ్ గుర్తూ కాదు, సమితి అక్షరాలూ కాదు. తమ మూడు కిరీటాలే. అప్పటికి స్వీడన్ నాటో కూటమిలో సభ్యదేశం కాదు. 2024 మార్చి 7న అది ఆ కూటమిలో చేరింది. రెండు వందల ఏళ్లకు పైబడిన ఒంటరి మార్గం అంతటితో ముగిసింది. మూడు కిరీటాలు మారలేదు. వాటి వెనుకనున్న వాగ్దానం మారింది. ఒకనాడు ఆ ముద్ర ‘మమ్ము ఈ జగడంలోకి లాగవద్దు’ అని చెప్పేది. నేడు ‘మా మిత్రులపై దాడి జరిగితే మేమూ నిలుస్తాము’ అని చెబుతున్నది.

ఉపసంహారం

పై చరిత్రను ఒకసారి సింహావలోకనం చేద్దాం. మూడు కిరీటాలు నలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి బూడిదకు మారాయి. వాటి చుట్టూ ఒక వలయం చేరింది. 1940లో వాటి స్థానంలో పొరుగుదేశపు గుర్తు, 1961లో ప్రపంచ సంస్థ అక్షరాలు వచ్చాయి. 1952లో అవి రెక్కలపై ఉండికూడా ఎనిమిది మంది ప్రాణాలను కాపాడలేదు. ఇన్ని మార్పులలోనూ మనకు తెలియవచ్చే విషయం ఒక్కటే. ముద్రకు స్వతహాగా బలం లేదు. దానిని వేసినవాడు దాని వెనుక ఎంతవరకు నిలుస్తాడో అంతవరకే దాని బలం.

విద్యార్థి మిత్రులారా! మీలో విమానం నడిపేవారు కొద్దిమందే కావచ్చు. కాని కొద్ది సంవత్సరాలలో మీరందరూ ఏదో ఒక కాగితంపై సంతకం చేసే స్థానానికి చేరుకొంటారు. వైద్యుడు ధ్రువపత్రంపై, ఇంజనీరు వంతెన నకాసాపై, గుమాస్తా చిట్టాపై, ఉపాధ్యాయుడు మార్కుల జాబితాపై తన ముద్ర వేస్తాడు. ఆనాడు, పొలం పత్రంపై వణుకుతున్న చేతితో గీత గీసి, ఆ గీతకు కట్టుబడి బ్రతికిన మన తాతలనాటి రైతును జ్ఞాపకం చేసుకోండి. బాల్టిక్ తీరాన దశాబ్దాలపాటు జవాబు కోసం ఎదురుచూచిన ఆ ఎనిమిది కుటుంబాలను కూడా జ్ఞాపకం చేసుకోండి.